అరవై మూడు వాంగ్మూలాలు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, భూపాలపల్లిలో కంప్యూటర్ల ఇన్‌చార్జిగా ఉంటూ మహబూబాబాద్ జిల్లా అదనపు బాధ్యత కూడా మోస్తున్నాను. భూపాలపల్లిలో నా పని సగం సీపీయూల్లో చేరిన బొగ్గు దుమ్ము దులపడమే. మహబూబాబాద్‌లో మాత్రం నేను చేసిన తప్పును నేనే దిద్దుకోవాల్సి వచ్చింది.

అక్కడి మండలాఫీసుల కంప్యూటర్లన్నింటికీ నా సీట్లో కూర్చునే కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాను. నర్సింహులపేట వైపు ఒక ఆఫీసులో అది కొంప ముంచింది. పాత ప్రింటరు మొరాయించింది, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనే లేదు. పట్టాల్లో పేర్లు తప్పుపడ్డ తండాల రైతులు ఒక్కొక్కరే వచ్చి చెబుతుంటే, అక్కడి ఆపరేటర్ యాకమ్మ ఆ వాంగ్మూలాలను అంతకుముందే నేరుగా ఆ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి పెట్టింది. వాటిని ప్రింటు తీసి వేలిముద్రలు పెట్టించాలి. కాగితాలు లేకుండా ఆర్డీఓ విచారణకు వెళ్తే ఆ రైతుల పని మళ్లీ మొదటికొస్తుంది.

కొత్త వెర్షన్ వేసినా పాతది పది రోజుల పాటు డిస్కులోనే ఓ మూల ఉంటుంది. ఆ గడువులోగా వెనక్కి వెళ్తే సొంత ఫైళ్లు కదలవు. యాకమ్మ రెండో రోజే ఫిర్యాదు రాసిచ్చింది. కానీ మా దగ్గర ఫోన్లో చెబితే చెల్లదు, కాగితం సంతకాలన్నీ దాటుకుంటూ రావాలి. అది నా బల్ల మీదికి వచ్చేసరికి పన్నెండో రోజు, మర్నాడే విచారణ. ఇక మిగిలిన దారి ఒక్కటే: ఫైళ్లు బయటి డిస్కులోకి తీసుకొని, లోపల మొత్తం తుడిచి, పాత వెర్షన్ మొదటినుంచి వేయడం.

ఆ పొద్దున్నే బయలుదేరి వెళ్లాను. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ కాపీ చేసుకున్నాను. సొంత ఫైళ్లు ఉండేది అక్కడే అని ముప్పై ఏళ్లుగా నా నమ్మకం. తుడవడం మొదలుపెట్టబోతుంటే యాకమ్మ పొడుగు నోటుబుక్కు తెచ్చుకొని పక్కన కూర్చుంది. అందులో ప్రతి వాంగ్మూలానికీ వరుస నంబరు, రైతు పేరు, తండా పేరు, ఫైలు పేరు ముందునుంచే చేత్తో రాసిపెట్టుకుంది. అంతా వచ్చిందమ్మా, నా పని నన్ను చేసుకోనీ అని కొంచెం చిరాకుగానే అన్నాను.

"మీ డిస్కుల ఇరవై రెండే ఉన్నయి సార్. నా బుక్కుల అరవై మూడున్నయి. జర ఆగుండ్రి, లెక్క కుదిరినంకనే తుడువుండ్రి," అంది.

గొంతు పెంచలేదు. పుస్తకం మాత్రం కీబోర్డు మీద పరిచి పెట్టింది, నేను ఏ మీటా నొక్కకుండా.

వెతికితే మిగతా నలభై ఒకటి ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ సొంత ఫోల్డర్‌లో దొరికాయి. తొందరలో సేవ్ నొక్కితే అది ఫైలును తన దగ్గరే ఉంచేసుకుంటుందట. ప్రోగ్రాములు ఉండే ఆ చోట మనుషుల ఫైళ్లు ఉంటాయని నేనెన్నడూ అనుకోలేదు. నాకు సిగ్గు వేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. నా వంతుకు యాకమ్మ వచ్చింది.

తర్వాత ఆమె పేరు చదవడం, నేను ఫైలు చూపించడం, ఆమె టిక్కు పెట్టడం. అరవై మూడో టిక్కు పడ్డాకే డిస్కు తుడిచాను. మధ్యాహ్నానికి పాత వెర్షన్ నిలబడింది, ప్రింటరు కదిలింది. ఆమె మొదటి ఫైలు తెరిచి చివరిదాకా చదివింది. "ఇగ మంచిగున్నది సార్. తండలకు ఫోన్ చేస్త," అంది. సాయంత్రానికి రైతులు వరండాలో బొటనవేలికి సిరా రాసుకొని వరుసలో నిలబడ్డారు. మర్నాడు అరవై మూడు కాగితాలూ విచారణకు వెళ్లాయి. అంత పద్ధతిగా పనిచేసే మనిషిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

ఫైళ్లన్నీ వచ్చాయని చెప్పాల్సింది బాగుచేసేవాడు కాదు, వాటిని టైపు చేసిన మనిషి. నేను నేర్చుకున్నది ఇదే. తిరిగి వచ్చాక, డిస్కు తుడిచే ముందు చూసుకునే మా చెక్‌లిస్టులో ఒక వరుస చేర్చాను: 'యాకమ్మ చూసిందా?' ఇప్పటికీ మా ఆఫీసులో, ఫైళ్లు టైపు చేసిన మనిషి లెక్క చూసి ఆ వరుస ఎదుట టిక్కు పెట్టాకే తుడుస్తారు. యాకమ్మ ఎవరో వాళ్లలో చాలామందికి తెలియదు.