వేయించని రాగులు

కరోనా భయం తగ్గి రైళ్ళు మళ్ళీ మామూలుగా తిరుగుతున్న ఇరవై రెండో సంవత్సరం, ఎండాకాలం. హిందూపురంలో మా ఇంటి మిద్దె మీద మొలక రాగులు ఆరబోసి, పిచ్చుకలను తోలుకుంటూ కూర్చోనున్నాను. రాగి మాల్టు చేసి అమ్మడం నా పని. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి మొలకలు రప్పించి, ఎండబెట్టి, వేయించి పిండి పట్టిస్తే అదే మాల్టు. పసిబిడ్డలకు గంజి కాచి పోస్తారు. ఇరవై ఏండ్లుగా సోమవారం ప్యాసింజరెక్కి పెనుకొండకు, గురువారం ధర్మవరానికి ప్యాకెట్లు తీసుకుపోతాను. మూడు ఊర్లలోనూ నన్ను మాల్టక్క అనే పిలుస్తారు. నా పేరు రేషన్ కార్డులో ఉంటుంది, అంతే.

నేను చదివింది ఐదో తరగతి. కానీ నా గంజి తాగిన బిడ్డల్లో ఎవరి తల్లి ఏమన్నదో ఒక్క మాట మర్చిపోను. ఆ గుర్తే ఆ ఏడాది ఒకరి పని నిలబెట్టింది. ఆ సంగతే ఇది.

ఆ రోజు ముప్పై ఏండ్ల మనిషి ఒకాయన మెట్లెక్కి వచ్చినాడు. పేరు లోకేశ, సొంతూరు పెనుకొండ. వాళ్ళక్క బిడ్డ నా మాల్టు తాగే పెరిగిందంట. బెంగుళూరులో ఏం పని అంటే, కొంచెం నసిగి, బీరు చేస్తానన్నాడు. అక్కడ కొన్ని హోటళ్ళలో బీరు బయటి నుంచి తేరంట. లోపలే అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో తయారు చేసి పోస్తారంట. క్రాఫ్ట్ బీరు అంటారు. కంపెనీ సీసా మాదిరి కాకుండా, చేసేవాడి చెయ్యి తెలిసేది అని అర్థం చెప్పినాడు.

మా అత్త గంగమ్మ నీడలో కూర్చొని చేటలో రాళ్ళేరుతోంది. చేట కింద పెట్టేసింది.

"బిడ్డలు తాగేదాన్ని తీసకపోయి తాగేటోళ్ళకు పోస్తావేమప్పా?" అనింది.

"వాళ్ళూ ఒగప్పుడు బిడ్డలే గదవ్వా" అన్నాడు లోకేశ. అత్త నవ్వు ఆపుకునేదానికి మళ్ళీ చేట అందుకుంది. నాకు అప్పుడే ఆయన నచ్చినాడు.

తనకు ఇష్టమైన బీర్ల గురించి ఆయన చెప్తుంటే నాకు ఊరగాయల సంగతి వింటున్నట్టే ఉండె. సముద్రం పక్క ఊర్లలో పుల్లటి కోకం పండు వేసి చేసేది ఒకటి, మామిడి రసంతో ఒకటి, బెల్లంతో నల్లగా చేసేది ఒకటి, ఈశాన్యం కొండల్లో ఇండ్లలో బియ్యంతో చేసుకునేది ఒకటి. ఒక్కోదాన్నీ ఎక్కడ తాగినాడో, పక్కన ఎవరున్నారో, ఆ రోజు వాన పడిందో లేదో కూడా చెప్పినాడు. "అన్ని ఊర్లకూ ఒగో రుచి ఉండాదక్కా. మన సీమకేముండాది? బార్లీ యాడాడి నుంచో వస్తాది. నేను వట్టి రాగితోనే చెయ్యల్ల. మన మడకశిర రాగి, మన నీళ్ళు" అన్నాడు.

దానికి ఆయన ఓనరు ఒప్పుకున్నాడంట, కానీ ఒక కండిషన్ మీద. మూలనున్న వంద లీటర్ల చిన్న ట్యాంకులో మూడుసార్లు చేసి చూడొచ్చు. మూడోసారికీ కుదరకపోతే రాగి మాట మళ్ళీ ఎత్తకూడదు, ఎవరో రాసిచ్చిన కొలతలతో గోధుమ బీరునే కాచుకుంటా ఉండాల. ఆరేండ్లుగా అదే చేస్తున్నానని, చేతికి విసుగొచ్చేసిందని చెప్పినాడు.

"పిండి వద్దక్కా. మొలకొచ్చిన గింజలు బాగా ఎండబెట్టి, అట్లే మూటగట్టి ఇయ్యి, చాలు" అన్నాడు.

సరేనన్నాను. ఇక్కడే నేను చేసిన పని చెప్పాల. ఎండిన గింజలు చేతిలోకి తీసుకొని వాసన చూస్తే పచ్చివాసన. పాపం మొగోడు, వేయించాలని ఏం తెలుస్తుంది అనుకున్నాను. పచ్చివాసన మాల్టు మాల్టక్క ఇంట్లోంచి బయటికి పోతే ఇరవై ఏండ్ల పేరు ఏం కావాల? పెద్ద బాణలి పొయ్యి మీద పెట్టి, సన్న మంట మీద, ఇల్లంతా ఘుమఘుమలాడేదాకా ఓపిగ్గా వేయించినాను. రాగి ముందే ఎర్రగా ఉంటుంది కాబట్టి వేయించినా రంగులో పెద్దగా తేడా కనపడదు. వేయించినట్టు చెప్పాలని కూడా తోచలేదు. అన్నం వండినామని చెప్పేటప్పుడు బియ్యం కడిగినామని చెప్తామా? అట్లాగే.

మూట విప్పి లోకేశ ఫోన్ చేసినాడు. "ఏం వాసనక్కా ఇది" అని మురిసిపోయినాడు. నాలుగు రోజులకు మళ్ళీ ఫోన్. ఈసారి గొంతులో మురిపెం లేదు. మొదటి ట్యాంకు పోయింది. మొలక చాలలేదేమోనని, ఇంకో రోజు ఎక్కువ ఉంచమన్నాడు. ఉంచినాను. మొలకలు గింజ కంటే పొడుగ్గా వచ్చినాయి. ఇంత కష్టపడినోడికి ఇంకా బాగా చెయ్యాలని ఈసారి ఇంకొంచెం ఎక్కువ వేయించినాను. రెండోదీ పోయింది.

మూడోదానికి ముందు ఆయనే వచ్చినాడు. భుజాన సంచి, అందులో ఒక థర్మామీటరు, చిన్న గాజు సీసా. ముఖం చూస్తే పరీక్ష తప్పినట్టుంది. నేనిచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లిగా అన్నాడు.

"ఏమనుకోగాకక్కా. నీ మాల్టు చచ్చిపోయుండాది."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేను నోరు తెరిచేలోపల అత్త అందుకుంది. "ఇరవై ఏండ్లు బిడ్డలు తాగినారు. సచ్చిందని ఒగ బిడ్డా చెప్పలే."

ఆయన నొచ్చుకోలేదు. నేల మీద కూర్చొని, చదువు రానివాళ్ళకు ఎట్లా చెప్పాలో అట్లా చెప్పినాడు. మొలకెత్తే గింజలో ఒక శక్తి పుడుతుంది, దాన్ని ఎంజైమ్ అంటారు. మొలకకు తిండి కావాల కాబట్టి, అది గింజలోని పిండిని కరిగించి చక్కెర చేస్తుంది. బీరు చేసేవాళ్ళు చేసేదీ అదే. మాల్టును వేడినీళ్ళలో కలిపి గంటసేపు మూతపెడతారు, అది మాష్. పిండి కరిగి వచ్చే తీపినీళ్ళు వోర్ట్. ఆ తీపినీళ్ళలో ఈస్టు వేసి పులిస్తేనే బీరు. తీపే రాకపోతే పులిసేదానికి ఏముంది?

"రాగిపిండి గంజి కాచి, వేడి తగ్గినంక నీ మాల్టు కలిపితే, గంజి నీళ్ళయిపోవల్లక్కా. గరిటె నిలబడే గంజి కాఫీ మాదిరి కారిపోవల్ల. నాకు రెండుసార్లూ గంజి గంజిగానే ఉండిపాయ."

గంజి నీళ్ళయిపోవాల.

ఆ మాటతో నా కండ్ల ముందు ధర్మవరం స్టేషను బయట ఖైరున్ నిలబడింది. ఖైరున్ బ్లౌజులు కుడుతుంది. తొమ్మిదేండ్ల కిందట ఒక గురువారం, చంకలో బిడ్డ, చేతిలో సగం వాడిన నా ప్యాకెట్టుతో వచ్చి నిలదీసింది. ఏమక్కా ఈ పిండి, ఎన్ని స్పూన్లు వేసినా గంజి చిక్కబడదే, నీళ్ళయిపోతాందే, నా బిడ్డకు నీళ్ళు తాపమంటావా అని. రైలు దిగినవాళ్ళంతా విన్నారు. సిగ్గుతో చచ్చిపోయినాను. ఆ వారం ఏం జరిగిందో నాకు తెలుసు. బుధవారం సాయంత్రం గ్యాసు అయిపోయింది. ఇంకో సిలిండరు లేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అని వేయించకుండానే పిండి పట్టించినాను. ఆ రోజు నుంచి వేయించని మాల్టు నా గడప దాటలేదు.

ఖైరున్ ఏ తప్పని తిట్టిందో, ఆ తప్పే కావాలని ఈ లోకేశ రెండు ట్యాంకులు పోగొట్టుకున్నాడు.

నిజం చెప్తాను, ఒక్క క్షణం నోరు మూసుకుందామనిపించింది. ఊరికే ఉండి ఈసారి వేయించకుండా ఇస్తే ఆయనకూ బాగుంటుంది, నా పేరూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. తల ఎత్తి చూస్తే అత్త నావైపే చూస్తోంది. బాణలి పక్కన కూర్చొని గరిటె తిప్పింది ఆమే గదా.

"లోకేశా, నేను వేయించినా" అన్నాను. "రెండుసార్లూ. నువ్వు చెప్పకపోయినా."

ఆయనకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. రెండు చేతులతో తల పట్టుకొని వంగిపోయినాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని దగ్గరికి పోతిని. నవ్వుతున్నాడు. "బతికుండేదాన్ని నువ్వే ప్రేమగా చంపి పంపితివి గదక్కా" అన్నాడు. ఎక్కువ వేడి తగిలితే ఆ శక్తి పోతుందంట. మాల్టు కంపెనీలు కూడా సన్న వేడిగాలికే ఆరబెడతాయంట, దాన్ని కిల్నింగ్ అంటారంట. మన మిద్దె ఎండ అంతకంటే మంచిదన్నాడు. నాకేమో ఇంకా ముఖం చెల్లలేదు.

అప్పటికప్పుడే చూద్దామన్నాడు. మిద్దె మీద ఆరిన రాగులు ఉండనే ఉన్నాయి. శేరు తెచ్చి, మొలకలు నలిపి చెరిగి, మిక్సీలో వేసినాను. అత్త రెండు గిన్నెల్లో గంజి కాచింది, గరిటె నిలబడేంత చిక్కగా. లోకేశ థర్మామీటరు ముంచి, సరేననేదాకా చల్లార్చినాడు. ఒక గిన్నెలో డబ్బాలో ఉన్న వేయించిన మాల్టు, ఇంకో దాంట్లో వేయించనిది కలిపి, రెండింటికీ దుప్పటి కప్పినాము.

ముందే తొంగి చూసింది అత్త. "అయ్యో, కారిపోతాందే" అనింది. రెండో గిన్నెలో గరిటె ఒరిగిపోయింది. తిప్పితే నీళ్ళు తిప్పినట్టుంది.

ఇంకా అయిపోలేదని లోకేశ అరగంట పైనే ఆపినాడు. పైన తేరిన నీళ్ళు రెండు సాసర్లలో తీసి, గాజుసీసాలోంచి అయోడిన్ వేసినాడు. చిన్నప్పుడు మోకాలికి పూసే టింక్చరే అది. పిండి మిగిలుంటే నల్లబడుతుందన్నాడు. వేయించినదాంట్లో చుక్క పడగానే సిరా పోసినట్టయింది. వేయించనిదాంట్లో చుక్క, చుక్కగానే, గోధుమరంగులోనే నిలబడింది. ముగ్గురం ఆ సాసరు మీదికి వంగి చూస్తున్నాము. రంగు మారలేదు.

అయోడిన్ కలపని నీళ్ళు గ్లాసులో పోసి అత్తకిచ్చినాడు. ఇది బీరు కాదవ్వా, ఇంకా పులవలేదు అని రెండుసార్లు చెప్పినాడు. అత్త ఒక గుక్క తాగి, కండ్లు మూసుకొని, ఇంకో గుక్క తాగింది.

"ఇండ్లో చక్కెర ఎవురు ఎయ్యలేదు గదా?" అని నన్నడిగింది. గ్లాసు ఖాళీ అయినాక, "దీన్ని ఈడనే ఆపేస్తే సరిపోదా, ఇంగ బీరు చేసేదెందుకు" అని ఆయన్నడిగింది.

మూడో మూట ఎండలో మాత్రమే ఆరింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకొని రైలెక్కినాడు.

దాదాపు నెల తర్వాత బెంగుళూరుకు రమ్మని ఫోన్ చేసినాడు. నేనూ అత్తా పొద్దున రైలుకు పోతిమి. జనం రాకముందే ఓనరు మమ్మల్ని ట్యాంకుల పక్కన కూర్చోబెట్టినాడు. చిన్న గ్లాసులో లోకేశ పోసింది లేత ఎరుపుగా, కొంచెం మబ్బుగా ఉంది. నా జన్మలో అంతకుముందు బీరు ముట్టలేదు, ఆ తర్వాతా ముట్టలేదు. ఆ ఒక్క గుక్క మాత్రం గుర్తుంది. ముందు చేదు తగిలింది. చేదు పోయినాక, మొలకల మూట విప్పినప్పుడు మిద్దె మీద వచ్చే వాసన గొంతులోంచి పైకి వచ్చింది. పచ్చివాసనని ఇన్నేండ్లు నేను పొయ్యి మీద చంపుతున్న వాసన. అత్త తాగలేదు. గ్లాసు ముక్కు కాడికి తెచ్చుకొని, "మనిల్లే" అనింది. వారం తిరక్కుండానే ఆ ట్యాంకు ఖాళీ అయిందని, రాగికి పెద్ద ట్యాంకు ఇచ్చినారని తర్వాత తెలిసింది.

ఆ వచ్చే గురువారం నేను ధర్మవరంలో ఖైరున్ ఇంటికి పోయి, ఆ రోజు నువ్వు తెచ్చి చూపించిన పిండిలో తప్పేమీ లేదమ్మా, అది బతికున్న పిండి అని చెప్పినాను. కుట్టుమిషను ఆపి నన్నొక చూపు చూసింది.

"చెప్పేదానికి తొమ్మిదేండ్లు పట్టెనా? ఆ బిడ్డ ఇప్పుడు వీధిలో క్రికెట్ ఆడతాండాడు, పో, వానికి చెప్పు."

నీకెవరు చెప్పినారని అడిగితే, బీరు చేసే ఆయన అని దాచకుండా చెప్పినాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తౌబా తౌబా అని నవ్వింది. నవ్వి నవ్వి, మా మామకు పండ్లు లేవు, చిక్కటి గంజి మింగలేకపోతాండాడు, ఆ నీళ్ళయ్యే పిండి ఒగ ప్యాకెట్టు తెచ్చియ్యి, ఎవురు చెప్పినారో మాత్రం ఆయనకు చెప్పగాక అనింది.

ఇప్పుడు నేను పొయ్యి వెలిగించకముందే అడుగుతాను, ఎవరికి, ఎట్లా తాగుతారు అని. మన పనితనమంతా పెట్టి ప్రేమగా చేసినా, అవతలివాళ్ళకు ఏం కావాలో అడక్కపోతే వాళ్ళ పని చెడగొట్టొచ్చని ఆ రెండు ట్యాంకులు నాకు నేర్పినాయి. వంటింట్లో రెండు డబ్బాలున్నాయి. ఒకటి వేయించింది, బిడ్డలకు. రెండోది వేయించనిది. దాని మీద ఖైరున్ మామ పేరు, ఇంకా పండ్లు లేని నలుగురు పెద్దవాళ్ళ పేర్లు రాసి పెట్టినాను గానీ, అత్తకు చదవడం రాదు. పొద్దున గంజికి కూర్చుంటే నాలుగిండ్లకు వినపడేటట్టు కేక వేస్తుంది.

"కోడలా, నా గంజిలోకి ఆ బీరు డబ్బాలోంచి ఒగ స్పూను ఎయ్యే."

పక్కింటివాళ్ళు ఇప్పటికీ గోడ మీదినుంచి తొంగి చూస్తారు.