దాలమ్మత్త బొట్టు పెట్టిన బాడీ

మా దాలమ్మత్తకు కొత్త వస్తువు కనబడితే చాలు, దానికి పసుపు బొట్టు పెట్టాలి. కొత్త చీర మడత విప్పగానే ఓ మూల కాస్త పసుపు రాయడం ఏ తెలుగింట్లోనైనా ఉన్నదే. మా అత్త మూలలతో సరిపెట్టుకునే మనిషి కాదు. ఫ్రిజ్జుకు పెట్టింది. వాషింగ్ మెషీన్‌కు పెట్టింది. పక్కింటివాళ్ళ కొత్త గేటుకు, వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు వెళ్ళి పెట్టి వచ్చింది. బ్యాంకులో వేలిముద్రల మెషీను కొత్తగా వచ్చిందని తెలిసి దానికీ పెట్టింది. ఆ పూటంతా అది ఎవరి వేలినీ గుర్తుపట్టలేదు.

తలనొప్పి బామ్ అయిపోయిన చిన్న సీసాలో తడిపిన పసుపు ఎప్పుడూ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. పోనీ కనబడకుండా లోపలివైపు పెట్టొచ్చు కదా అంటే ఒప్పుకోదు.

"పసుపు దాసుకునీదేటి? పైకి కనబడాల. దిష్టికి కళ్ళుంటాయి గానీ బుర్రుండదు. సూస్తేనే బయపడతాది," అంటుంది.

నాన్నకు చెల్లెలు ఆవిడ. సైబర్‌జయ అనే ఊళ్ళో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ నేను దగ్గర్లోని క్లాంగ్ ఊళ్ళో ఆవిడతోనే ఉంటున్నాను. మా ఆఫీసువాళ్ళు కొత్త లాప్‌టాప్ ఇచ్చిన మర్నాడే దాన్ని తీసుకుని కంప్యూటర్లు బాగుచేసే విభాగానికి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడి అబ్బాయి కీబోర్డు వంక జాలిగా చూసి, "కూర ఒలికిందా?" అని అడిగాడు. అవునన్నాను. ఉన్న సంగతి చెప్పడం కంటే అదే తేలిక.

ముప్పై దాటాక నాకు మంచు మీద తిరిగే పిచ్చి పట్టింది. స్నానం చేసి బయటికొచ్చేలోపే మళ్ళీ చెమట పట్టే దేశంలో, ఓ పెద్ద షాపింగ్ మాల్ అడుగున గడ్డకట్టించిన మంచు మీద పెద్దవాళ్ళకు ఫిగర్ స్కేటింగ్ నేర్పిస్తారు. నేను కొత్త స్కేట్లు ఇంటికి తెచ్చిన రోజు అత్త వాటిని తిరగేసి చాలాసేపు చూసింది.

"సెప్పుల కింద కత్తులేటే?"

"దాని మీదే నిలబడాలి అత్తా."

"కత్తుల మీదా?"

"అవును."

అత్త వెంటనే బ్యాగు తెరిచింది. సీసా తీసి రెండు కత్తులకూ నిండా పసుపు పట్టించింది. మా కోచ్ అది చూసి, కొనేటప్పటికే తుప్పు పట్టిన స్కేట్లు నాకు ఏ దొంగ అంటగట్టాడో తెలుసుకోవాలని వారం రోజులు ప్రయత్నించింది.

స్కేట్లతో నాకు పేచీ లేదు. పేచీ అంతా బట్టలతో. మంచు మీద వేసుకునే గౌనుకు పైన గుడ్డ తక్కువ, కింద గుడ్డ అంతకంటే తక్కువ. దాని అడుగున ఏం వేసుకోవాలన్నది స్కేటింగ్ కంటే కష్టమైన విద్య. పైగా నాది సన్నటి ఒళ్ళు కాదు. నేను ఆగినా నాలో కొంత భాగం ఆగదు. పోయినసారి పోటీలో భుజాల పట్టీలు లేని లోదుస్తు వేసుకుని దిగాను. మొదటి గెంతుకే అది జారడం మొదలెట్టింది. మోచేతులు రెండూ పక్కలకు అదిమిపెట్టి, రెక్కలు కట్టేసిన కోడిలా సగం పాట వరకు తిరిగి, ఇక లాభం లేదని మంచు దిగి వచ్చేశాను. పైగా ఒంటి మీంచి ఏదైనా ఊడి మంచు మీద పడితే మార్కులు కోస్తారట. ఆ రోజు నన్ను భయపెట్టింది మార్కులు కాదు.

ఈసారీ సగంలో దిగివస్తే ఇక స్కేట్లు కట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టయితే పెట్టుకున్నాను గానీ నిద్ర పట్టడం మానేసింది. ఆఫీసు మీటింగులో కూడా తెలియకుండానే మోచేతులు పక్కలకు నొక్కుకుంటున్నానని, నాతోపాటు ఆఫీసులోనూ మంచు మీదా ఉండే నంతిని చెప్పింది.

అలా ఓ శనివారం బ్రిక్‌ఫీల్డ్స్ బజారులో యోగేశ్వరిగారి లోదుస్తుల దుకాణానికి బయల్దేరాను. అత్త కూడా వస్తానంది. వద్దన్నాను. వచ్చింది.

యోగేశ్వరిగారు ఓపికగల మనిషి. ముందు జిగురుతో అంటించుకునే రకం చూపించింది.

"సెమటొస్తే?" అంది అత్త.

"కొంచెం జాగ్రత్త ఆంటీ."

"ఊడి మంచు మీద పడితే ఇది ఫలానోళ్ళదని అందరికీ సూపించి మరీ ఇస్తారా?"

ఆ డబ్బా లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత గాజులా కనబడే ప్లాస్టిక్ పట్టీలది వచ్చింది. అత్త పట్టీని పట్టుకుని లాగింది. అది తెగలేదు గానీ మళ్ళీ వెనక్కి రాలేదు. ఇక మిగిలింది ఒక్కటే. మందంగా, గట్టిగా, వెడల్పాటి అంచుతో ఉండి, వీపు మీద రెండు పట్టీలు అడ్డంగా దాటుకునే రకం. అత్త భాషలో బాడీ. ట్రయల్ రూములో వేసుకున్నాను. తెర అవతల నుంచి అత్త గొంతు వినబడుతోంది.

"గెంతు."

గెంతాను.

"సేతులు పైకెత్తి గెంతు. ఇప్పుడు తిరుగు. ఒంగు. ఏటైనా కదిల్నాదా?"

"లేదత్తా."

"మరేటి, ఇదే తీస్కో."

తెర తీసి అద్దానికి వీపు పెట్టి చూసుకున్నాను. నా గౌను లేత నీలం, వీపు నడుం దాకా ఖాళీ. ఆ నల్లటి వీపు మీద దెబ్బ తగిలితే అంటించే ప్లాస్టర్లలా రెండు తెల్లటి పట్టీలు. దుకాణం ఆ చివర నుంచి చూసినా కనబడతాయి.

"ఇది స్కిన్ కలర్ కదా," అన్నాను నీరసంగా.

"స్కిన్ కలర్ అంటే ఈ ఒక్కటే వస్తుందిమా. ఇంకోటి బ్లాక్," అంది యోగేశ్వరిగారు.

అత్త దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. "ఎవులి ఒంటి రంగే ఇది? పాలెక్కువైపోయిన టీ లాగున్నాది. మన ఇంట్లో ఈ రంగోలు ఒక్కలూ లేరే," అంది.

ఎవరి ఒంటి రంగైనా, నన్ను పట్టి నిలబెట్టేది అదొక్కటే. కొన్నాను. ఇంటికి రాగానే బీరువాలో చీరల అడుగున దాచి, ఆ మీద తువ్వాలు కప్పాను. మా ఇంట్లో దాచిన కొత్త వస్తువును పసుపు వెతుక్కుంటూ వెళ్తుంది. సాయంత్రం చూస్తే, పట్టీలు రెండూ కలిసే చోట, సరిగ్గా వీపు మధ్యన, అర్ధణా అంత బొట్టు.

"అత్తా, ఏంటిది? పోటీకి వేసుకోవాలి. అందరికీ కనబడుతుంది."

"కనబడాలనే ఎట్టినాను."

కోపంతో సబ్బు తీసుకుని రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో కాళ్ళకు పారాణి పెట్టుకున్న ఏ ఆడపిల్లకైనా తెలిసి ఉండాలి. నాకు సాఫ్ట్‌వేర్ మాత్రమే తెలుసు. పచ్చటి బొట్టు ఎర్రగా మారి, వీపులో ఎవరో పొడిచినట్టు తయారైంది. యోగేశ్వరిగారికి ఫోన్ చేస్తే నా కొలతలో అదే ఆఖరిదంది. పోటీ వచ్చే ఆదివారం. నేను మంచం మీద కూలబడి ఏడ్చేశాను.

అత్త ఆ ఎర్రమచ్చ వంక చూసింది. నా వంక చూసింది. దాన్ని తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వారం ఇంట్లో ఏదో తేడాగా ఉంది. ఎప్పుడు చూసినా పొయ్యి మీద తెహ్-ఓ, అంటే పాలు లేని టీ, మరుగుతూనే ఉంటుంది గానీ ఎవరూ తాగరు. అత్త తమలపాకుల పెట్టెలోంచి సున్నం డబ్బా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. క్లాంగ్ ఎండలో ఆవిడ పొడుగు చేతుల ఊలు స్వెట్టర్ వేసుకుని, చెమటలు కక్కుతూ వంట చేస్తోంది.

"ఆ స్వెట్టరెందుకత్తా?"

"ఆదివారం మంచు కాడికి రావాల గదా. అలవాటు సేసుకుంటన్నాను."

అన్నిటికంటే నన్ను భయపెట్టింది రైస్ కుక్కర్. బుధవారం కొత్తది వచ్చింది. అత్త దాన్ని విప్పి, తుడిచి, బొట్టు పెట్టకుండానే అన్నం వండేసింది. నేను బొట్టును సబ్బుతో రుద్దేసినందుకు మనసు విరిగిపోయిందా, ఆరోగ్యం బాగాలేదా అని నాకు ఆదుర్దా పట్టుకుంది. అడిగితే, "ఎప్పుడూ పసుపేనా, ఊరుకో లా," అంది, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం చివర 'లా' తగిలించి.

"పోనీ నా బాడీ ఎక్కడుంది?"

"నీ బేగులో ఎట్టినాను. ఇంటికాడ ఇప్పకు. అక్కడే ఇప్పు."

ఆదివారం బట్టలు మార్చుకునే గదిలో పొట్లం విప్పాను. ముదురు గోధుమరంగు. మొత్తం, అంచు నుంచి పట్టీల కొక్కేల దాకా. టీలో పడేసింది కాబోలు అనుకున్నాను. బయట మైకులో నా ముందువాళ్ళ పేర్లు పిలుస్తున్నారు. వేరేది లేదు. వేసుకుని, గౌను తొడుక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని నంతినికి వీపు చూపించాను.

"ఏయ్ తనూషా," అంది నంతిని గొంతు తగ్గించి, "లోపల ఏమీ వేసుకోలేదా?"

"వేసుకున్నా."

"ఎక్కడ?"

ఇంతలో కోచ్ వచ్చింది. నా వీపు చూసి ముఖం మాడ్చుకుని, సంచిలో అదనంగా ఏదైనా ఉందా అని కంగారుగా అడిగింది. నంతిని నా వీపు మీద వేలు పెట్టి తడిమితే గానీ పట్టీలు దొరకలేదు. ఇద్దరూ నా వెనక నిలబడి ఒకరి తర్వాత ఒకరు తడిమి చూస్తుంటే నా పేరు పిలిచారు.

మంచు మీదకి దిగాక కొత్త భయం పుట్టింది. చెమటకు రంగు దిగి నీలం గౌను వెనక టీ ధార కారితే? మొదటి గెంతు ఆ భయంలోనే అయిపోయింది. ఏదీ జారలేదు. రెండోదానికి మోచేతులు కాస్త వదులయ్యాయి. ప్రేక్షకుల్లో మా అత్త స్వెట్టర్ మీద ఇంకో స్వెట్టరు, ఆ మీద దుప్పటి కప్పుకుని, తను కూడా నాతోపాటు తిరగబోతున్నట్టు ముందుకు వంగి కూర్చుంది. ఆఖర్న నిలబడి గిర్రున తిరిగే ఘట్టం. చేతులు రెండూ పైకెత్తాను. పాట ఆగేదాకా దించలేదు. కింద నుంచి రెండో స్థానం వచ్చింది. కానీ సగంలో దిగిరాలేదు. ఆ రోజు నాకంటే సంతోషంగా మంచు దిగినవాళ్ళు లేరు.

పరిగెత్తుకెళ్ళి అత్తను వాటేసుకున్నాను. స్వెట్టర్ కింద ఆవిడ చేతి మీద ఏవో ముడులు ముడులుగా తగిలాయి.

"ఇదేంటత్తా?"

"ఏటీ లేదు, వదిలీ."

వదల్లేదు. స్వెట్టరు చెయ్యి పైకి లాగాను. భుజం కింద ఎండ తగలని చోట ఒకదాని కింద ఒకటి పట్టీలు కట్టుకుని ఉంది. యోగేశ్వరిగారిని అడిగి తెచ్చుకున్న విడి పట్టీలట. ఒకటి నిమ్మపండులా పచ్చన, ఒకటి ఇటుకలా ఎర్రన, ఒకటి మరీ నలుపు. పసుపు, టీ, సున్నం పాళ్ళు మార్చి ఉడకబెట్టడం, చేతికి కట్టుకుని చూసుకోవడం. చెమటకు రంగు దిగుతుందో లేదో తెలియాలని వాటితోనే పొయ్యి దగ్గర నిలబడి వంట చేయడం. వారమంతా అదే పని. ఆఖరి పట్టీ నా కళ్ళకు కనబడలేదు, చేత్తో తడిమితే దొరికింది.

"మా అన్నదీ నాదీ నీదీ ఒకటే రంగు కదే," అంది అత్త స్వెట్టరు కిందికి లాక్కుంటూ. "నా సేతి మీద మాయమైపోనాదంటే నీ ఈపు మీదా మాయమైపోద్ది."

మాట మార్చడానికి, "అయితే రైస్ కుక్కర్‌కి?" అన్నాను.

"పసుపంతా నీకే అయిపోనాది. దానికేటి పెడతాను?"

"నా కోసం బొట్టు కూడా మానేశావా అత్తా?"

దాలమ్మత్త నన్ను వింతగా చూసింది.

"మానీడమేటే," అంది, "దాన్ని నిలువునా పసుపులో ముంచి తీసినాను కదా. ఈ రోజు నువ్వు ఏసుకుని తిరిగినాది బాడీ కాదు, బొట్టు."