అక్కను కరిచిన ముసలి కుందేలు

కుందేలు అక్కను కరిచిన రోజు మా ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు. ఎవరమూ అంటే అక్క, నేను, ఆ కుందేలు.

మాది కళ్యాణదుర్గం. నేను బడిలో పాఠాలు చెబుతాను. బావ చనిపోయాక అక్క నా దగ్గరికే వచ్చేసి, ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. ఆమె వచ్చిన కొత్తలో తెలిసినవాళ్లు ఒక తెల్ల కుందేలు పిల్లను ఇచ్చారు. అప్పటికి అది అరచేతిలో పట్టేంత ఉండేది. మిషను చప్పుడు ఆగితే చాలు, పరుగెత్తుకొచ్చి వెనక్కాళ్ల మీద నిలబడి అక్క చీర కుచ్చిళ్లు పీకేది. కొత్తిమీర ఆలస్యమైతే కోపంతో నేలను టపటపా తన్నేది. ఎనిమిదేళ్లు దాటినా మా కళ్లకు అది పిల్లే.

ఆ ఎండాకాలం మొదట్లో నిలబడటం మానేసింది. ముక్కాలిపీట ఎక్కడం మానేసింది. నున్నటి బండల మీద నడుస్తుంటే వెనక్కాళ్లు పక్కలకు జారిపోయేవి. చెవులు శుభ్రం చేసుకునేది కాదు. తోక కింద వెంట్రుకలు ఎప్పుడూ తడిగా ఉండేవి. ఎండకు నీరసించిందనుకుని అది పడుకునే గది తలుపుకు తడి గోనెపట్ట కట్టాము.

ఒక ఉదయం ఆ తడి తుడవాలని అక్క నేల మీద కూర్చుని దాన్ని ఒళ్లోకి ఎత్తుకుంది. అది అరిచింది. కుందేలుకు గొంతు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. పసిబిడ్డ చేతిని తలుపులో పెట్టి నలిపినట్టున్న అరుపు. అరుస్తూనే అక్క బొటనవేలి మొదట్లో పళ్లు దింపింది. ఒళ్లోంచి జారి, వెనక్కాళ్లు ఈడ్చుకుంటూ మంచం కిందికి పోయింది.

అరుపుకు పక్కింటామె వచ్చింది. రక్తం చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"కుందేలు కరిసేదేందక్కా? దానికి పిచ్చి పట్టిండాది. కాళ్లు సూడు, ఎట్ల ఈడుస్తాండాదో! ఈ పొద్దే తీసకపోయి గుట్టలో వదిలేయండి."

అక్క మొహం తెల్లబోయింది. సబ్బుతో చెయ్యి కడిగించి ఆసుపత్రికి తీసుకుపోయాను. దాన్ని కుక్కగానీ మరేదైనాగానీ కరిచిందా అని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగాడు. గడప దాటి ఎరగదన్నాను. గాయం కడిగి, సూది వేసి, భయపడే పని లేదన్నాడు.

అక్క నమ్మలేదు. ఇంటికొచ్చి గ్లాసులో నీళ్లు పోసుకుని, తాగకుండా దాన్నే చూస్తూ కూర్చుంది. పిచ్చి పట్టినవాళ్లు నీళ్లు చూస్తే బెదురుతారని ఎక్కడో విన్నది. ఒక గుక్క మింగి, గొంతు పట్టుకుంది.

"మింగుడు పడ్తాండాదా, లేదా? నాకు తెలుస్తాలేదే," అంది.

"భయానికి అట్లుండాది లేక్కా," అన్నాను గానీ నేనూ ఆ గ్లాసు వైపే చూస్తున్నాను. ఆమెకేమైనా అయితే నాకింకెవరూ లేరు.

మధ్యాహ్నానికి మంచం కిందికి తొంగి చూశాను. పెట్టిన కొత్తిమీర పెట్టినట్టే ఉంది. పెంటికలు ఒక్కటీ లేవు. పొట్ట బిగుసుకుపోయి ఉంది. పళ్లు పటపటా కొరుకుతోంది. గుట్టలో వదిలే మాట అక్క ఎత్తలేదు. బుట్టలో గోనెపట్ట పరిచి, చేతికి బట్ట చుట్టుకుని, తనే దాన్ని అందులోకి జరిపింది.

ఊళ్లో పశువుల డాక్టరు చూసి, గొర్రెలయితే నేను చూస్తాను గానీ కుందేలుకు ఏ మందు పడుతుందో చెప్పలేను, వెంటనే అనంతపురం పోండి అన్నాడు. బస్సు కిటికీలోంచి వేడిగాలి మొహాన కొడుతోంది. బుట్ట మీద తడిగుడ్డ కప్పాము. అది ఆరినప్పుడల్లా సీసాలో నీళ్లు చల్లుతున్నాను. గుడ్డ ఎత్తి చూసే ధైర్యం ఇద్దరికీ లేదు. ఊపిరి ఉందో లేదోనని అక్క బుట్టకు చెవి ఆనించింది.

అనంతపురంలో పశువుల డాక్టరమ్మ నిదానంగా ఒళ్లంతా తడిమింది. ఎక్స్‌రే తీసి మాకు చూపించింది.

"పిచ్చి లేదు, ఏం లేదమ్మా. ముసలిదయింది. మనకు మోకాళ్లు అరిగినట్ల దీనికి నడుమూ తుంటీ అరిగినాయి. ఎత్తితే నొప్పికి ఓర్సుకోలేక కరిసిండాది."

అక్క గోడకు ఆనుకుని ఏడ్చేసింది. తన కోసమో, దాని కోసమో తెలియదు.

"ఇప్పుడు నా భయమంతా కాళ్లు కాదమ్మా, కడుపు," అందామె. "తినకుంటే కుందేలుకు పేగులు నిల్సిపోతాయి. రేపటికి పెంటికలు పడల్ల. పడకుంటే నేనేం చెప్పలేను."

నొప్పికి సూది వేసి, మేత పొడి నీళ్లలో కలిపి సూది లేని పిచికారీతో నోట్లో పట్టడం నేర్పింది. ఇంటికొచ్చాక ఎత్తకుండా, నేల మీదే పక్కన కూర్చుని పట్టాము. సగం గడ్డం మీద కారిపోయేది. మరునాడు బడికి సెలవు పెట్టాను. పొద్దెక్కింది, పెంటికలు లేవు. మధ్యాహ్నమైంది, లేవు. అక్క మిషను ముందు కూర్చుంది గానీ దారం కూడా ఎక్కించలేదు. సాయంత్రం ఉన్నట్టుండి కేకేసింది. పరుగెత్తి చూస్తే, బట్ట మీద మిరియాల్లాంటివి నాలుగైదు పెంటికలు.

"పడినాయే! సూడు, పడినాయి!" అంటూ వాటిని చేత్తోనే ఎత్తి చూపించింది.

అది మళ్లీ పరుగెత్తలేదు. జారకుండా ఇల్లంతా గోనెపట్టలు పరిచాము. వాటి మీద నాలుగడుగులు నడిచి, ఆగి, మళ్లీ నడుస్తుంది. రోజూ నొప్పిమందు వేస్తాము. అక్క ఎత్తుకోవడం మానేసి, దాని పక్కన నేల మీద పడుకుని చెవులు తుడుస్తుంది. ఏ రాత్రి పోతుందోనన్న నా భయం మాత్రం తీరలేదు. ఉదయం దాని గది తలుపు ముందు ఇద్దరం నిలబడతాము.

"నువ్వు సూడుపో," అంటుంది అక్క.

"నువ్వే సూడు," అంటాను.

చివరికి ఇద్దరం కలిసే తలుపు నెడతాము.