గట్టు దారిన సుభద్ర గారి బస్సు

పోయిన ఆదివారం గుడ్లవల్లేరు దాటుతుండగా వెనక సీటులో ఎవరో నిమ్మాకు నలిపారు. బస్సులో కడుపు తిప్పేవాళ్ళకి అది మందు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే వెన్ను దానంతటదే నిటారుగా అయింది, చెయ్యి చొక్కా పై గుండీ వెతుక్కుంది, చెవి ఒక గొంతు కోసం ఎదురుచూసింది. ఆ గొంతు ఆగిపోయి రెండేళ్ళయింది. నిమ్మాకులకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

సుభద్ర గారు గుడివాడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. రిటైరైన వాళ్ళు సాధారణంగా ప్రవచనాలు వింటారు, లేదా పొద్దున్నే నడుస్తూ ప్రభుత్వాన్ని తిడతారు. ఈవిడ ఒక పాత బస్సు మాట్లాడుకుని ప్రతి ఆదివారం జనాన్ని ఎక్కించుకుని చరిత్ర చూపించడం మొదలుపెట్టారు. గుడివాడలో బౌద్ధుల నాటి దిబ్బ, పెడనలో అచ్చు అద్దకం, బందరులో కోట, డచ్చివాళ్ళ సమాధులు, ఘంటసాల, మోపిదేవి, చివరికి కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. ఒక్క రోజులో రెండు వేల ఏళ్ళు. నేను ఆవిడ దగ్గర డిగ్రీ చదివినవాణ్ణి. మా బ్యాచ్‌లో చరిత్ర తీసుకున్నవాళ్ళలో చరిత్రతో బతుకుతున్నది నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు మామూలుగా బతుకుతున్నారు. నా ఉద్యోగం పేరు సహాయ గైడు. చేసే పని నీళ్ళ క్యాను ఎత్తడం, నిమ్మాకులు పంచడం, దిగిన ప్రతిచోటా తప్పిపోయిన ఒకరిద్దరిని టీ కొట్ల దగ్గర్నుంచి పట్టుకురావడం. చొక్కా పై గుండీ పెట్టుకోకపోతే ఆవిడ నన్ను బస్సెక్కనిచ్చేవారు కాదు.

ఈ టూరుకి ఒక చిన్న ఇబ్బంది ఉండేది. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. బందరు కోట దగ్గర బస్సు దిగిన ఒక పెద్దమనిషి అన్ని దిక్కులూ తిరిగి చూసి, "కోట ఏదండీ?" అన్నాడు.

"మీరు నిలబడింది కోటలోనేనండి," అన్నారు సుభద్ర గారు.

"మరి గోడలు?"

"లేవండి."

"ఓడలు?"

"అవి ఎప్పుడో వెళ్ళిపోయాయి."

"ఏమీ లేనప్పుడు మమ్మల్నెందుకు తీసుకొచ్చినట్టు?"

"గోడలూ ఓడలూ ఉంటే మీ అంతట మీరే చూసుకునేవారు కదండీ. నేనెందుకు మధ్యలో?"

ఆ తర్వాత ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. ఏ దేశం ఓడ ఎక్కడ లంగరు వేసేదో, అద్దకం బట్ట మూటలు ఏ వైపు నుంచి వచ్చేవో, చెయ్యి చాపి చూపిస్తుంటే, కాసేపటికి ఆ పెద్దమనిషి ఖాళీ బురదనేల కేసి కళ్ళు చికిలించి చూస్తూ పక్కవాణ్ణి "కొంచెం జరగండి, కనపడట్లేదు" అన్నాడు. ఇది నా కళ్ళతో చూశాను.

వాన వచ్చినా, రోడ్డు పోయినా మా టూరు ఆగేది కాదు. దానికి అసలు శత్రువులు చుట్టాలు. మా వైపు చుట్టాల ఊరి మీదుగా వెళ్తూ దిగకపోతే, ఆ మాట మూడు పెళ్ళిళ్ళ దాకా నిలుస్తుంది. మొదట్లో ఒకసారి చల్లపల్లిలో ఒకావిడ మేనత్త కిటికీలోంచి మేనకోడల్ని చూసేసింది. మేనకోడలు ఒక్కతీ దిగితే బాగుండదని బస్సు బస్సంతా దిగాల్సొచ్చింది. కాఫీలు, ఆ పైన జంతికలు, ఆ పైన పక్కింటివాళ్ళు బాధపడతారని అక్కడ మళ్ళీ కాఫీలు. ఆ రోజు మేము చూసిన చరిత్ర అంతా ఆ కుటుంబానిదే. అప్పట్నుంచి సుభద్ర గారు బస్సు మెట్టు మీద నిలబడి, ఎక్కే ప్రతివాళ్ళనీ అడిగేవారు.

"మీకు దారిలో చుట్టాలెవరున్నారండీ?"

"మా బావమరిది, అవనిగడ్డలో."

"రోడ్డు మీదా, లోపలా?"

"లోపలేనండి."

"ఎక్కండి."

రోడ్డు మీద చుట్టాలున్నవాళ్ళకి అవతలి వైపు సీటు. మరీ దగ్గరి చుట్టాలైతే ఆ ఊరు దాటేదాకా తల మీద తువ్వాలు. మోపిదేవి చేరేసరికి కొన్ని ఆదివారాలు బస్సులో సగం మంది దొంగల్లా ఉండేవారు.

ఆవిడ తనను తాను ఆ ప్రశ్న అడుక్కునేవారు కాదు. చల్లపల్లి దాటాక ఒక ఊరుంది. పేరు రాయను, అక్కడ నాకు ఇంకా మజ్జిగ పోస్తారు. ఆ ఊరు రాగానే మా డ్రైవరు కోటయ్య మంచి తారు రోడ్డు వదిలి, గోతులున్న కాలవ గట్టు ఎక్కించి, ఊరి చుట్టూ తిప్పి తీసుకెళ్ళేవాడు. గట్టు మీద ఏ శాసనముందో అని నేను కొంతకాలం వెతికాను. చివరికి కోటయ్యే జాలిపడి చెప్పాడు.

"శాసనం లేదు, ఏం లేదు. ఊళ్ళో మేడం గారి అన్నయ్య ఉన్నాడు. రంగారావు గారు. బస్సు మొదలెట్టినప్పుడు ఆయన పదిమందిలో అన్నాడంట, మా చెల్లెలు ఈ వయసులో బస్సులో నుంచుని కేకలేసుకుంటా రాళ్ళు అమ్ముకుంటందీ అని. ఈవిడ ఆ గడప తొక్కనంది. ఇద్దరూ ఇద్దరే."

అంత చరిత్ర చెప్పిన మనిషి ఈ భాగం మాత్రం సిలబస్‌లోంచి తీసేశారు.

బస్సుకి రానురాను జనం తగ్గారు. విజయవాడ నుంచి ప్రసాద్ గారని ఒక ట్రావెల్స్ ఆయన, నచ్చితే మా టూరుని తన వాటిల్లో కలుపుకుంటానన్నాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: చెప్పిన వేళకి చెప్పిన చోట ఉండాలి. హంసలదీవి దారిలో అటవీ శాఖ వాళ్ళ గేటు చీకటి పడకముందే వేసేస్తారు కాబట్టి, ఆ లోపు చేరాలి. "కుదిరితే వారం వారం నడుస్తుంది. లేకపోతే నెలాఖరుకి ఆపేస్తాను," అని సుభద్ర గారు నాతోనూ కోటయ్యతోనూ చెప్పారు. ఆపేస్తే నేను మామూలుగా బతకాల్సి వస్తుంది. ఆ ఆలోచనే భయంకరంగా ఉంది.

ప్రసాద్ గారు వచ్చిన ఆదివారం అన్నీ గడియారంలా నడిచాయి. బందరులో ఆయన కూడా లేని ఓడని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. చల్లపల్లి దాటాం. కోటయ్య అలవాటుగా గట్టెక్కించి, బ్రేకు వేశాడు.

గట్టు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. కోతలయ్యాక మాసూళ్ళ రోజుల్లో రోడ్డు మీద వడ్లు మామూలే. కానీ ఒక పక్కగా పోస్తారు, బండి పోవడానికి రెండో పక్క వదులుతారు. ఇవి ఈ అంచు నుంచి ఆ అంచుకి, కనుచూపు మేర, పెళ్ళిపందిట్లో తివాసీలా పరిచి ఉన్నాయి. ఒకావిడ కాళ్ళతో వాటిని కలయదిప్పుతోంది.

"ఎవరియ్యమ్మా?" అన్నాడు కోటయ్య.

"రంగారావు గారియ్యండి. బస్సొస్తే ఊళ్ళోంచి పొమ్మన్నారండి."

వడ్ల మీద నుంచి బస్సు తోలమనే మనిషి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. సుభద్ర గారు ఒక క్షణం ఆ ధాన్యాన్ని చూశారు. "వెనక్కి తిప్పు," అన్నారు. బస్సులో తెరలు వేయించి, జీవితంలో మొదటిసారి తను కూడా అవతలి వైపు సీటులో కూర్చున్నారు. నాకు తువ్వాలు ఇవ్వాలనిపించింది. ధైర్యం చాలలేదు.

ఊరి మధ్యలో రోడ్డుకి అడ్డంగా ఒక పెద్దావిడ నిలబడి ఉంది. కోటయ్య ఆపకముందే తలుపు తట్టి, బస్సెక్కేసింది. రంగారావు గారి భార్య.

"దిగు సుభద్రా."

"టైము లేదు వదినా. సాయంత్రంలోపు హంసలదీవి చేరాలి."

"నీ టైము గట్టు మీద ఆరతందిలే. బస్సుడు మందికీ వండా. కొరమేను పులుసు. తినని వాళ్ళకి దోసకాయ పప్పు. ఇప్పుడిదంతా ఏం చెయ్యమంటావ్?"

"నేను రానన్నాను కదా."

"నువ్వు రావొద్దులే. మా అతిథుల్ని దించు." ఆవిడ జనం వైపు తిరిగింది. "రండి బాబూ, కాళ్ళు కడుక్కోండి. ఇది చరిత్రలో భాగమే."

పులుసు వాసన కిటికీల్లోంచి వచ్చి మిగతా వాదన పూర్తిచేసింది. అందరికంటే ముందు దిగింది ప్రసాద్ గారు. జనం లేని బస్సులో గైడు కూర్చుని ఉండడానికి చారిత్రక కారణాలేమీ దొరకనట్టున్నాయి, కాసేపటికి సుభద్ర గారూ దిగారు. అరుగు మీద రంగారావు గారు దినపత్రికని శ్రద్ధగా చదువుతున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడని కోటయ్య అంటాడు కానీ నేనంత దగ్గరగా చూడలేదు.

"వడ్లు అట్టా ఎవరైనా పోస్తారా?" అన్నారు సుభద్ర గారు.

"నా వడ్లు. నా ఇష్టం," అన్నాడాయన పేపరులోంచి.

"పొద్దున్నించీ దగ్గరుండి పోయించాడమ్మా," అంది వదిన గారు విస్తళ్ళు వేస్తూ. "ఆదివారం ఆదివారం ఆ గట్టు మీద నీ బస్సు పోతంటే డాబా ఎక్కి చూస్తాడు. కిందకొచ్చి, ఇయ్యాల జనం బానే ఉన్నారే అంటాడు. పోయిన వారం జనం లేరే అన్నాడు. అన్నం సరిగా తినలా."

"నువ్వు నోరు మూసుకో," అన్నాడు రంగారావు గారు.

భోజనాలయ్యాయి. పంక్తిలో ఎవరో బందరు రేవు కథ మళ్ళీ చెప్పమన్నారు. సుభద్ర గారు అరుగు మీదే కూర్చుని మెల్లగా మొదలుపెట్టారు. రంగారావు గారు గుమ్మానికి ఆనుకుని, మొహం పక్కకి తిప్పుకుని, ఒక్క మాట వదలకుండా విన్నాడు. అయ్యాక, "కేకలేస్తావనుకున్నా. మామూలుగానే మాట్టాడతన్నావే," అన్నాడు. ఆ ఇంట్లో క్షమాపణ అంటే అదేనని తర్వాత తెలిసింది.

అప్పుడు ప్రసాద్ గారు చెయ్యి తుడుచుకుంటూ లేచాడు. "మేడం, టైము తప్పింది. అయినా టూరు నేను తీసుకుంటున్నా. ఒకటే మార్పు. ఈ లంచ్ ప్యాకేజీలో ఉండాలి. ఈ ఇల్లు, ఈ అరుగు, అమ్మగారి వడ్డన, అన్నాచెల్లెళ్ళ పోట్లాట. ఇది బెజవాడ జనానికి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?"

అందరం రంగారావు గారి వైపు చూశాం, ఆయన మండిపడతాడని. ఆయన చెల్లెలి వైపు చూస్తున్నాడు. కాదనే హక్కు తనకి లేదనుకున్నాడేమో, పేపరు మడిచి పక్కన పెట్టి, "దాని బస్సు నిలబడతదంటే నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

సుభద్ర గారు మడిచిన ఆ పేపరు వైపు కాసేపు చూశారు. ఆ కాసేపట్లో నేను వారం వారం నడిచే బస్సునీ, పై గుండీ పెట్టుకున్న నన్నూ చూసుకున్నాను.

"ప్రసాద్ గారూ," అన్నారావిడ. "లేని కోట చూపించి డబ్బు పుచ్చుకుంటాను. నాకేం సిగ్గు లేదు. ఉన్న అన్నయ్యని చూపించి మాత్రం పుచ్చుకోలేనండి."

ప్రసాద్ గారు ఇంకో రెండు విధాల అడిగి చూశాడు. తర్వాత తన కారు తెప్పించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వదిన గారు ఆయనకి ఆవకాయ జాడీ కట్టిచ్చింది. ఆయన వద్దనలేదు.

పొద్దు వాలుతోంది. జనాన్ని ఎక్కించి నేను ఆవిడ కోసం నిలబడ్డాను. ఆవిడ అరుగు దిగలేదు.

"గేటు వేసేలోపు వెళ్ళండి. నువ్వు చూపించు, శేషూ."

"నాకు రాదండీ, మేడం."

"ఏముంది? నది వస్తుంది, సముద్రం కలుపుకుంటుంది. మిగతాది వాళ్ళు చూసుకుంటారు. నేను వదినతో కాసేపు ఉంటాను."

అలా నేను గైడునయ్యాను. ఆ సాయంత్రం గేటు దాటి ఇసకలో నిలబడి నేను చెప్పినదాంట్లో కృష్ణ అన్న మాట తప్ప మిగతా ఏదీ నాకు గుర్తులేదు. జనం నన్ను తిట్టలేదు, వాళ్ళ కడుపులు నిండి ఉన్నాయి.

నెలాఖరుకి ఆపేస్తానన్నారు కానీ ఏ నెలో ఆవిడ చెప్పలేదు. బస్సు వ్యాను అయింది, వారం వారం కాస్తా రెండు వారాలకోసారి అయింది, నడిచింది. ఎక్కేవాళ్ళని చుట్టాల గురించి అడగడం మానేశారు. గట్టు దారి కూడా మానేశాం. ఊళ్ళోకి రాగానే ఆవిడ దిగిపోయేవారు, అందరికీ అన్నం పెడతానని రంగారావు గారు, వీల్లేదని ఆవిడ, చివరికి మజ్జిగ దగ్గర రాజీ. అక్కణ్ణుంచి సముద్రం దాకా నాదే. టూరులో మొదటి సగం ఆవిడ చెప్పి నేర్పారు. రెండో సగం బస్సు దిగిపోయి నేర్పారు.

ఆవిడ పోయాక మొదటి ట్రిప్పులో ఆ ఊరు వస్తుంటే నాకు మొహం చెల్లలేదు. గట్టెక్కించమని కోటయ్యకి చెప్పబోతున్నాను. మలుపులో గొడుగేసుకుని రంగారావు గారు నిలబడి ఉన్నాడు. వ్యాను ఆగగానే ఎక్కి, డ్రైవరు వెనక మొదటి సీటులో కూర్చున్నాడు. ఎక్కడిదాకా అని మేమడగలేదు. ఆయనా చెప్పలేదు.

అప్పట్నుంచి ప్రతి ట్రిప్పుకీ వస్తున్నాడు. హంసలదీవిలో నేను నాలుగు ముక్కలు చెప్పేసరికి వెనక నుంచి గొంతు లేస్తుంది.

"మా చెల్లెలు ఇట్టా చెప్పేది కాదు."

వడ్లు పోసిన ఆ ఆదివారం తర్వాత ఆవిడ ఆ ఊరు దాటి ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. ఆవిడ ఆయన ఇంటి అరుగు మీదే కూర్చునేవారు. ఆ సంగతి నాకు తెలుసు, కోటయ్యకి తెలుసు, అందరికంటే బాగా ఆయనకి తెలుసు.

"మరి ఎట్టా చెప్పేవారండీ?" అంటాను నేను. "మీరే చెప్పండి."

ఆయన కర్ర ఇసకలో గుచ్చి, చెయ్యి చాపి మొదలుపెడతాడు. బందరు ఓడలు హంసలదీవికి వస్తాయి. డచ్చివాళ్ళు వడ్లు కొంటారు. జనం కళ్ళు చికిలించి సముద్రం కేసి చూస్తారు. ఆయన చెప్పేదాంట్లో కొంత చరిత్ర ఉంటుంది. మిగతాదంతా చెల్లెలే.

గేటు వేసే వేళైందని కోటయ్య హారను కొడతాడు. "ఉండవయ్యా, అది ఇంకేదో చెప్పేది ఇక్కడ," అని ఆయన గుర్తుచేసుకోవడానికి ఆగుతాడు. కోటయ్య మళ్ళీ కొడతాడు. నేను ఆయన పక్కనే ఇసకలో నిలబడి, అదేంటో వినడానికి ఎదురుచూస్తుంటాను.