రెండో టీకొట్టు

పిడుగురాళ్ళ బస్సులో నా పక్కన కూర్చున్నాయన మఫ్టీలో ఉన్న పోలీసు ఇన్‌స్పెక్టరని మాటల్లో తెలిసింది. దాచేపల్లి వైపు ఒక ఊళ్ళో పార్టీ కక్షలతో జరిగిన హత్యల కేసు ఆయనదే. దారి పక్క కల్లాల మీద ఆరబోసిన మిరప ఘాటుకి దగ్గి, సంచిలోంచి ఫ్లాస్కు తీశాడు.

"ఆ ఊళ్ళో టీ దొరకదాండీ?" అన్నాను.

"పార్టీకో కొట్టుందండీ. ఒకదాంట్లో తాగితే రెండోవాళ్ళు నాకు సాక్ష్యం చెప్పరు. మీ ఊళ్ళో?"

"మాకూ రెండున్నాయి. గొడవల్లేవు లెండి."

"మీరెక్కడ తాగుతారు?"

"మనవాళ్ళ కొట్లోనే," అనేశాను.

ఆయన నావైపు చూసి, ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాడు.

ఇప్పుడు ఊరెళ్తే ఆ రెండో కొట్టు ముందు ఆగుతాను. లోపల కూర్చునేవాళ్ళు నాతో బళ్ళో చదువుకున్నవాళ్ళే. నన్ను చూడగానే మాటలాపేస్తారు. ఇంతవరకూ లోపల అడుగు పెట్టలేదు.