నిలబడి బొంతలు కుట్టిన ఖాసింబీ అత్త

మొన్న డాబా మీద ఆరేసిన పాత బొంత వానకు తడిసిపోయింది. తీయబోతే నానిన నూలుబట్ట వాసన ముక్కుకు తగిలింది. వెంటనే నరసరావుపేటలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఖాసింబీ అత్త గుర్తొచ్చింది.

ఎనభైల్లో నాకు టీచరుగా కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజులవి. ఆ ఇంట్లో ముందు గది నాది. అత్తకు అరవై దాటాయి. భర్త పోయాక పాత చీరలతో బొంతలు కుట్టి బతికేది. ఒక ఆదివారం, నానబెట్టిన బొంతను తొట్టిలోంచి ఒక్కతే ఎత్తబోయి కేక పెట్టింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి గోడ పట్టుకుని నిలబడి ఉంది, ముఖం నిండా చెమట. "నడుంలో ఏందో పటుక్కుమందే పిల్లా" అంది.

ఎక్స్‌రే చూసిన డాక్టరు ఎముకలు గుల్లబారాయని, వెన్నుపూస ఒకటి నలిగిందని చెప్పాడు. కాళ్ళలో బలం తగ్గలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. కొద్దిరోజులు పడుకుని, ఓర్చుకోగలిగినంత వరకు లేచి నడవాలి. ముందుకు వంగకూడదు, బరువెత్తకూడదు. నొప్పి మాత్రలు ఆమె కడుపుకు పడకపోవడంతో వాటిని మాన్పించి, వేడినీళ్ళ కాపడం పెట్టుకోమన్నాడు.

దాచేపల్లిలో లారీ మెకానిక్కుగా పనిచేసే కొడుకు మస్తాన్ కంగారుగా వచ్చాడు. వెంట విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఒకాయన. బోర్లా పడుకోబెట్టి మోకాలితో వీపు నొక్కితే పూస సర్దుకుంటుందన్నాడాయన. "నలిగిన అప్పడాన్ని నొక్కితే ఏమవుద్దయ్యా? పొడవుద్ది. నువ్వు టీ తాగి పో" అంది అత్త. ఆయన కూడా నవ్వాడు. మస్తాన్ మాత్రం నవ్వలేదు. "ఇంక సూది పట్టుకోవద్దమ్మా. నాతో వచ్చెయ్" అన్నాడు. అప్పుడు ఆమె ముఖం వాడిపోయింది. "చేతులు బాగానే ఉండయ్ గదరా" అంది మెల్లగా.

లేవడం ఆమెకు నేను నేర్పానంటే అబద్ధం. ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. డాక్టరు చూపించినట్టు ఒళ్ళంతా ఒక్కటిగా పక్కకు దొర్లి, కాళ్ళు మంచం కిందికి దించి, మోచేత్తో ఆనుకుని లేవాలి. మొదటిసారి లేచి కూర్చున్నాక కళ్ళనీళ్ళు తుడుచుకుని, "దీనికన్నా నా కాన్పే నయం" అంది. గడపదాకా నడిచాం, తర్వాత పిండిమర దాకా. రోజూ గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడేది. అయినా మనిషి కాస్త కుంగింది, దండెం అందేది కాదు. "నేను పొట్టిదాన్నవలా, దండెమే పైకి పోయింది" అంటూ దాన్ని కిందికి కట్టించింది.

నన్ను మార్చింది మాత్రం ఆమె గడపలో నిలబడి సాయం అడిగే తీరు. పాలాయన చేత నీళ్ళ బిందె లోపల పెట్టించేది. పక్కింటి వడ్రంగి చేత బల్ల కాళ్ళు ఎత్తు చేయించుకుంది. నాకేమో అడగటమంటే చచ్చేంత సిగ్గు. జ్వరమొచ్చినా బిందె నేనే మోసుకునేదాన్ని.

"అట్లా ఎట్లా అడుగుతావత్తా?" అన్నానొకసారి.

"అడిగితే ఏం పోద్దే? కాదంటే ఇంకోళ్ళని అడుగుతా. నా నడుం ఎందుకిరిగిందనుకున్నావ్? ముందుగదిలో నువ్వుండి కూడా పిలవకపోతిని."



మూడు నెలలకు నొప్పి చాలావరకు సద్దుమణిగింది. నడుం మునుపటిలా కాలేదు. ఎత్తుబల్ల ముందు కాసేపు నిలబడి, కాసేపు కూర్చుని, పసిపిల్లలకు చిన్న బొంతలు మాత్రం కుట్టసాగింది. మొదటి బొంతను మస్తాన్ చాలాసేపు చేత్తో తడిమి చూశాడు. "ఇది నా కూతురికి" అని చంకన పెట్టుకున్నాడు. కుట్టుపని మానుకుని తన వెంట రమ్మన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటేడు నాకు మాచర్లకు బదిలీ అయింది. అక్కడ బస్సు క్లీనరు నా పుస్తకాల ట్రంకుపెట్టెను రోడ్డు పక్కన దించి వెళ్ళిపోయాడు. అలవాటుగా దాన్ని ఎత్తడానికి వంగబోయి ఆగాను. అడగాలా వద్దా అని కాసేపు పెట్టె పక్కనే నిలబడ్డాను. సోడా బండి దగ్గర ముక్కూమొహం తెలియని మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. "అన్నా, ఒక చెయ్యేస్తావా?" అన్నాను.

ఆయన సోడా పక్కన పెట్టి వచ్చాడు. "ఇంతసేపు అట్టా నిలబడ్డావేందమ్మా, పిలిస్తే రానా?" అన్నాడు.

ఆ రోజు నుంచి పిలుస్తూనే ఉన్నాను.