నీళ్లు పోసిందెవరు

మొన్న ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో మా వీధి చివర ఎవరో ఊదు పొగ వేశారు. ఆ వాసన తగలగానే దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టేశాను. నాకు చరిత్ర చెప్పిన మస్తాన్ సార్ గుర్తొచ్చారు. ఆయన ఇప్పుడు లేరు.

రెండు వేల ఐదు ప్రాంతంలో ఖమ్మంలో ఎం.ఏ. చదివేదాన్ని. ప్రాజెక్టు కోసం అందరూ ఖమ్మం కోటనో భద్రాచలం గుడినో ఎంచుకుంటే, నేను ఎక్కడో ఉన్న ట్రినిడాడ్ దీవిని పట్టుకున్నాను. తెల్లవాళ్ల చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలుగా వెళ్లినవాళ్లు అక్కడ మొహర్రం చేసుకునేవారట. హిందువులూ కలిసేవారట. చివరి రోజు తాజియాలను, అంటే వెదురుతో, రంగు కాగితాలతో కట్టిన సమాధి నమూనాలను, ఊరేగించి సముద్రంలో కలిపేవారట. అది చదివినప్పటి నుంచి నాకు మరో ధ్యాస లేదు. కానీ సార్ సంతకం పెడితేనే ఆ దీవి నాది, లేకపోతే కోటే గతి.

నేను రాసుకెళ్లిన కాగితాలు చదివి సార్ కళ్లజోడు తీశారు.

"మంచిగనే రాసినవ్. గానీ గిదంత పుస్తకాలల్ల ఉన్నదే గద. నువ్వు అడిగేది ఏందమ్మా?"

నేను ఆ కాగితాలే మళ్లీ తిరగేయసాగాను.

"రేపు ఇల్లందు బస్సెక్కుదాం. మా అత్తగారి ఊర్ల పీర్ల పండుగ, గదే మొహర్రం. నీకు ప్రశ్న దొరికితే సంతకం పెడత."

నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది. దీవి కావాలంటే ఇల్లందు చూపిస్తానంటారేమిటి ఈయన అనుకున్నాను.

ఆ పల్లె నిండా డప్పులు, ఊదు పొగ. కర్రకు రంగుగుడ్డలు చుట్టిన పీరును ఎత్తుకున్నది కల్లు గీసే గౌడ్. నేను కాగితం తీసి, ఎవరెవరు మోస్తున్నారో రాసుకుంటూ నిలబడ్డాను. ఇంతలో ఒక ముసలమ్మ నిండు బిందె నా చేతుల్లో పెట్టింది.

"గట్ల నిలబడ్డవేంది బిడ్డా? పీరు వస్తున్నది, ఎత్తుకున్నాయన కాళ్ల మీద నీళ్లు పొయ్యి."

పోశాను. చెప్పులు, కాగితాలు అన్నీ తడిసిపోయాయి. తలెత్తి చూస్తే వీధి పొడవునా గడప గడపకూ ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు.

తిరుగు బస్సులో అడిగాను. "సార్, తాజియా ఎవరు మోసిండ్రో పుస్తకాలల్ల ఉన్నది. ఆ దీవికి ఆడోళ్లు గూడ పోయిండ్రు గద. మరి అక్కడ నీళ్లెవరు పోసిండ్రు? అసలు పోసిండ్రా?"

సార్ "నాకు తెల్వదమ్మా" అన్నారు. ఒక మాస్టారు ఆ మాట అనగా వినడం నాకు అదే మొదలు. ఊగుతున్న బస్సులోనే తడి కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశారు. అక్షరాలు అటూ ఇటూ పోయాయి.

ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు తిరగేశానో. అన్నిట్లోనూ మోసినవాళ్ల సంగతే. ఇప్పుడు సంతకాలు పెట్టే పని నాది. పిల్లలు ఏ పండుగ గురించి రాసుకొచ్చినా "నీళ్లెవరు పోసిండ్రు?" అని అడుగుతాను. నిన్న నా దీవి సంగతి తెలిసిన ఒక పిల్ల నన్నే ఎదురు ప్రశ్నించింది.

"ఆ దీవిల ఎవరు పోసిండ్రు మేడం?"

"నాకు తెల్వదమ్మా" అని, దాని కాగితం మీద సంతకం పెట్టాను.